తివాచీ అడుగున పరిచే ఫెల్ట్‌ను కార్ల కంపెనీ అడిగితే: పద్దెనిమిది కాగితాల సంగతి

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో జనపనార ఫెల్ట్ (నారను సూదులతో గుచ్చి చేసే మందపాటి పొర) తయారుచేసే ఒక యజమాని అడిగిన ప్రశ్న ఇది. ఆయన సరుకు ఇన్నాళ్లూ తివాచీల అడుగున, పరుపుల్లో, ప్యాకింగులో వాడుతున్నారు. ఇప్పుడు చెన్నైలో కార్ల లోపలి ప్యానెళ్లు చేసే ఒక సంస్థ నమూనా రోల్ చూసి, బాగుందని చెప్పి, లెవెల్ 3 పీపీఏపీ (సరుకు ఆమోదం కోసం ఇచ్చే కాగితాల కట్ట) పంపమనీ, ఐఏటీఎఫ్ (కార్ల రంగపు నాణ్యతా ప్రమాణం) సర్టిఫికెట్ జతచేయమనీ రెండు ముక్కల్లో ఈ-మెయిల్ పెట్టింది. పీపీఏపీకి కావలసిన పద్దెనిమిది అంశాల పట్టికలో మూడో నాలుగో మాత్రమే తన దగ్గర ఉన్నాయట. మిగతావన్నీ నెల రోజుల్లో తయారుచేసి ఇస్తానని ఒక కన్సల్టెంట్ ముందుకొచ్చారట. పని అప్పగించమంటారా అని అడుగుతున్నారు.

వద్దండీ. కన్సల్టెంట్లంటే నాకు కోపం లేదు, నా స్నేహితుల్లో సగం మంది వాళ్లే. కానీ మీ షెడ్డులో నెల రోజులు నిలబడకుండా మీ ప్రాసెస్ గురించి ఎవరు రాసినా అది కథే అవుతుంది. నేను పుణెలోనూ చెన్నైలోనూ ఇరవై ఏడేళ్లు ఈ కాగితాలు ఇచ్చే వైపు కొన్నాళ్లు, అడిగే వైపు కొన్నాళ్లు కూర్చుని ఇప్పుడు విజయనగరంలో స్థిరపడ్డాను. ఒకసారి ఒక రబ్బరు విడిభాగాల ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్తే, వంద కొలతల పట్టిక అద్దంలా తళతళలాడుతూ కనిపించింది. 12.43, 12.47, 12.44 అంటూ వరుసగా అంకెలు. వాళ్లు కొలిచిన వెర్నియర్ కాలిపర్ మీద అతి చిన్న విభాగం 0.05 మిల్లీమీటరు. దాని మీద 12.43 అనే అంకె పుట్టదు. ఆ తర్వాత వాళ్లు చూపించిన ఏ కాగితాన్నీ నేను నమ్మలేకపోయాను, అందులో నిజమైనవి ఎన్ని ఉన్నా సరే.

పీపీఏపీ అంటే ప్రొడక్షన్ పార్ట్ అప్రూవల్ ప్రాసెస్. అమెరికాలోని ఆటోమోటివ్ ఇండస్ట్రీ యాక్షన్ గ్రూప్ దీన్ని 1993లో పుస్తకంగా తెచ్చింది. అందరి బల్లల మీదా ఉండేది 2006 నాటి నాలుగో కూర్పు. అందులోని పద్దెనిమిది అంశాలూ అడిగేది ఒకే ప్రశ్న: నమూనాగా ఇచ్చిన సరుకునే, రోజూ వాడే యంత్రాల మీద, రోజూ పనిచేసే మనుషులతో, రోజూ నడిచే వేగంతో, మళ్లీ మళ్లీ అలాగే చేయగలరా? ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండే ఉంటుంది, కాగితం మీద లేదంతే. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ పద్దెనిమిదింటిలో కొన్ని మీ షెడ్డులో జరిగే పని గురించినవి, కొన్ని ఈ వస్తువును కారు కోసం రూపొందించిన ఆలోచన గురించినవి. మొదటి రకం మీరు రాయాలి, మీరే రాయగలరు. రెండో రకం మీ దగ్గర ఉండదు, ఎందుకంటే మీరు కారు కోసం దేన్నీ రూపొందించలేదు. అది కొనేవారి దగ్గర నుంచి రావాలి, లేదా అక్కర్లేదని వాళ్లు రాసివ్వాలి. ఈ రెండు కుప్పలనూ కలిపేసి అన్నీ మీరే పుట్టించబోతే, మీ సంతకంతో మీరు చేయని ప్రమాణం చేసినట్టవుతుంది.

మన విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించే సిరిమాను గుర్తు తెచ్చుకోండి. ఆ చింతచెట్టు ఎవరి తోటలోనో కాయల కోసం పెరిగింది. సిరిమాను కోసమని ఎవరూ దాన్ని నాటలేదు. దాని కొసన పూజారిని కూర్చోబెట్టాలని తేలిన రోజున వడ్రంగులు చూసే చూపు మారుతుంది: పగులుందా, వంపెంత, కొస దగ్గర బలమెంత. నాటినప్పుడు ఈ కొలతలు అనుకున్నారా అని తోట యజమానిని ఎవరూ అడగరు. ఇప్పుడున్న మానును ఇప్పటి పనికి సరిపోతుందో లేదో చూసుకుంటారు. మీరూ చెన్నై వాళ్లను ఆ దారిలోకే తీసుకురావాలి.

డిజైన్ ఎఫ్ఎంఈఏ గడి దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. రూపకల్పన దశలోనే ఎక్కడ ఏం తప్పు జరగవచ్చో ముందే ఊహించి రాసుకునే పట్టిక అది. పదేళ్లుగా అమ్ముతున్న ఫెల్ట్‌కు ఇప్పుడు దాన్ని రాయడమంటే, పిల్లలు పుట్టాక జాతకాలు కలిపి చూసుకోవడమే. పైగా ఆ ఫెల్ట్‌ను ఏ రెజిన్‌తో, ఎంత వేడిలో ఒత్తి ప్యానెల్‌గా మలుస్తారో, కారులో అది దేనికి తగులుతుందో మీకు తెలియదు. ప్యానెల్ రూపకల్పన బాధ్యత ఎవరిదో వాళ్లనే అడగండి. తమదేనంటే ఆ గడిలో ‘రూపకల్పన బాధ్యత కొనుగోలుదారుది, వర్తించదు’ అని రాస్తారు. అలా రాయడం ఎగవేత కాదు, డిజైన్ బాధ్యత సరఫరాదారుకు లేనప్పుడు ఆ పుస్తకం ప్రకారమే డిజైన్ ఎఫ్ఎంఈఏ అతని పని కాదు.

ఆ పుస్తకంలోనే మీకు పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. చాలామంది చదవరు, చదివినవారు అమ్మేవాళ్లకు చెప్పరు. కేటలాగ్ చూసి కొనే వస్తువుకు డ్రాయింగు బదులు, అది చేయవలసిన పని వివరించే నిర్దేశపత్రమో గుర్తింపు పొందిన ఒక ప్రమాణమో డిజైన్ రికార్డుగా సరిపోతుంది. అయితే కేటలాగ్ వస్తువు కాబట్టి పీపీఏపీ అక్కర్లేదని మీరంతట మీరు అనుకోకూడదు. కొనుగోలుదారు తరఫున అధికారమున్న వ్యక్తి రాతపూర్వకంగా మినహాయిస్తేనే మినహాయింపు. రెండోది మీకు మరీ ముఖ్యం. ఆ పుస్తకం ‘బల్క్ మెటీరియల్’ అని ఒక తరగతిని వేరుచేసింది. జిగురులు, రసాయనాలు, పూతలు, కందెనలతో పాటు బట్టలు కూడా అందులో ఉన్నాయి. ఈ తరగతికి కొనుగోలుదారు అడిగితే తప్ప పీపీఏపీ అవసరం లేదు. అడిగినా దానికి విడి అనుబంధం, విడి చెక్‌లిస్టు ఉన్నాయి. ఏ అంశాలు కావాలో ఇద్దరూ కూర్చుని ఆ చెక్‌లిస్టులో టిక్కులు పెట్టుకుంటారు. మామూలు విడిభాగాలకైతే ఒక గంట నుంచి ఎనిమిది గంటల ఉత్పత్తి, అందులో వరుసగా కనీసం 300 భాగాలు చూపాలి. రోల్స్‌లో పోయే ఫెల్ట్‌కు 300 రోల్స్ అంటే మీకు నెల పడుతుంది! బల్క్‌కు ఆ సంఖ్య లేదు, యంత్రం స్థిరంగా నడుస్తున్నప్పుడు తీసిన నమూనా చాలు. ఒక్క మెలిక ఉంది. కొనుగోలుదారు దానికి ఉత్పత్తి పార్ట్ నంబరు ఇస్తే అది బల్క్ నుంచి ఉత్పత్తి సరుకుగా మారిపోవచ్చు. వాళ్ల కొనుగోలు ఆర్డరులో నంబరు ఎలా వేస్తారో ముందే కనుక్కోండి.

ఇక లెవెల్ సంగతి. ఐదు లెవెళ్లలో మూడోది అందరూ అలవాటుగా అడిగేది: నమూనాలతో పాటు ఆధారాలన్నీ పంపాలి. నాలుగోది ‘కొనుగోలుదారు చెప్పినవి మాత్రమే’. అయిదోది ఆధారాలన్నీ మీ ఫ్యాక్టరీలోనే ఉంచితే వాళ్లే వచ్చి చూసుకోవడం. మీలాంటి సరుకుకు నాలుగోదే పుట్టింది. వాళ్లు దానికి ఒప్పుకోకపోతే అయిదోది అడగండి. బొబ్బిలి దాకా రావాలంటే బద్ధకించి నాలుగోదానికి దిగుతారు, వస్తే మరీ మంచిది, కార్డింగు (నార దువ్వడం) దుమ్ము ఒకసారి పీల్చుకున్న ఇంజినీరు డ్రాయింగులో అర్థంలేని టాలరెన్సు (కొలతలో ఒప్పుకునే తేడా) రాయడు.

మీ వంతు కాగితాల్లో ప్రాసెస్ ఫ్లో (పని మెట్ల వరుస), ప్రాసెస్ ఎఫ్ఎంఈఏ (ఆ మెట్లలో ఏం తప్పు జరగవచ్చో రాసే పట్టిక), కంట్రోల్ ప్లాన్ (ఏ మెట్టు దగ్గర ఏం చూసుకోవాలో రాసే పట్టిక) మూడూ ఒకే తాడుకు కట్టినవి. బేలు విప్పడం నుంచి, మెత్తబరచడం, కార్డింగు, పొర మీద పొర వేయడం, సూదులతో గుచ్చడం, అంచులు కోయడం, రోల్ చుట్టడం దాకా ఎన్ని మెట్లున్నాయో రాసి, ప్రతి మెట్టుకూ ఒక నంబరివ్వండి. మూడు కాగితాల్లోనూ అవే నంబర్లుండాలి. నేను తనిఖీకి వెళ్తే మొదట వెతికేది ఇదే. ఎఫ్ఎంఈఏ నమూనాలో 2019లో అమెరికా, జర్మనీ సంఘాలు కలిసి తెచ్చిన పద్ధతి వాడాలో పాతది వాడాలో వాళ్లనే అడగండి. పాతదాంట్లో తప్పు తీవ్రత, జరిగే అవకాశం, పట్టుబడే అవకాశం అనే మూడు అంకెలు గుణించి వచ్చే ఆర్‌పీఎన్ ఉండేది, కొత్తదాంట్లో దాని బదులు ఏది ముందు సరిచేయాలో చెప్పే యాక్షన్ ప్రయారిటీ వచ్చింది.

ప్రాసెస్ ఎఫ్ఎంఈఏలో మీరు జాగ్రత్తగా కూర్చోవలసిన వరుస ఒకటుంది: విరిగిన సూది. నీడిల్ లూమ్‌లో (సూదులతో గుచ్చే యంత్రంలో) సూదులు విరగడం మీకు కొత్త కాదు. విరిగిన ముక్క తివాచీ కింద ఉండిపోతే ఎవరికీ తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ దాన్ని పెద్ద తప్పుగా లెక్కించలేదు. అదే ముక్క ప్యానెల్ మలిచే అచ్చులోకి వెళితే లక్షల ఖరీదైన డై మీద గీత పడుతుంది. ప్యానెల్ దాటి బయటికి పొడుచుకొస్తే కారులో కూర్చున్నవారి మోచేతికి గుచ్చుకుంటుంది. తప్పు అదే, యంత్రం అదే, కానీ తీవ్రత అంకె మారిపోయింది. వేరే పనికి చేసిన వస్తువుకు కారు కాగితాలు రాయడంలో అసలు పనంతా ఇదే: పాత తప్పులన్నింటినీ కొత్త వాడకం వైపు నుంచి మళ్లీ చూడటం. తీవ్రత అంకెలు చెన్నై వాళ్లను అడిగి వేయండి, మీరు ఊహించకండి. మెటల్ డిటెక్టరు లేకపోతే కాగితాల కన్నా ముందు దాన్ని కొనండి. షిఫ్టు మారినప్పుడల్లా తెలిసిన ఇనుప ముక్కను దాని గుండా పంపి పరీక్షించే పుస్తకం పెట్టండి.

రెండో పెద్ద సంగతి ముడిసరుకు. తివాచీ ఫెల్ట్‌కు జూట్ మిల్లుల్లో మిగిలే నార తుక్కు కొని కలపడం ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. ఆ తుక్కులో మిల్లువాళ్లు నారకు పట్టించిన బ్యాచింగ్ ఆయిల్ ఉంటుంది. అది ఖనిజ నూనె అయితే వాసన వస్తుంది. ఎండలో అద్దాలు బిగించిన కారులో ఆ వాసన ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. అందుకే వాళ్లు జర్మన్ సంఘం ప్రమాణం వీడీఏ 270 ప్రకారం వాసన పరీక్షనూ, వేడికి లేచి అద్దం మీద పొగమంచులా పేరుకునే ఆవిర్ల పరీక్షనూ అడుగుతారు. నిప్పు పరీక్ష ఎలాగూ తప్పదు. ఐఎస్ఓ 3795 పద్ధతిలో పట్టీని అడ్డంగా పట్టి కాలుస్తారు. అమెరికా నిబంధన ఎఫ్ఎంవీఎస్ఎస్ 302 ప్రకారం మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. తుక్కు ఏ మిల్లు నుంచి, ఏ నూనెతో వచ్చిందో చెప్పలేని సరుకుతో ఈ పరీక్షలు ఒకసారి నెగ్గినా రెండోసారి నెగ్గుతారన్న నమ్మకం లేదు. కాబట్టి కారుకు వెళ్లే రోల్స్‌కు తాజా నార, వేరే కోడు, వేరే బేలు పుస్తకం పెట్టుకోండి. ఒకప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం రైతులు పండించిన గోగునార ఇంటి ముంగిటే దొరికేది. ఇప్పుడు ఎక్కువగా బెంగాల్ జనపనార మీదే బతుకుతున్నాం. ఈ రెండింటినీ ఒకే లాటులో కలిపేటట్లయితే అది కూడా కంట్రోల్ ప్లాన్‌లో ఉండాలి.

ఇప్పుడు బరువు. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి, ఇక్కడ మీ తప్పు లేకుండానే ఓడిపోతారు కూడా. చదరపు మీటరుకు 1000 గ్రాముల ఫెల్ట్ అనుకుందాం. అందులో పూర్తిగా ఎండిన నార 880 గ్రాములు. జనపనారకు వ్యాపారంలో ఒప్పుకున్న తేమ లెక్క 13.75 శాతం, అది కలిపితే 1001 గ్రాములు. వానాకాలంలో మీ షెడ్డులో తేమ 18 శాతానికి ఎక్కితే అదే ముక్క 1038 గ్రాములు తూగుతుంది. చెన్నైలో ఏసీ ల్యాబులో రెండు రోజులు ఉంచాక తేమ 9 శాతానికి దిగితే 959. నార ఒక్క పోగు కూడా తగ్గలేదు, కానీ 79 గ్రాములు మాయమయ్యాయి. డ్రాయింగు మీద 10 శాతం అటూ ఇటూ అని ఉంటే మీకున్న మొత్తం జాగా 200 గ్రాములు, అందులో నలభై శాతం తేమే తినేసింది. మన దేశంలో బట్టలకు 27 డిగ్రీలు, 65 శాతం తేమ గల గదిలో ఉంచి కొలవడం ప్రమాణం. కార్ల ల్యాబుల్లో 23 డిగ్రీలు, 50 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఏ గదిలో, ఎన్ని గంటలు ఉంచి తూచాలో డ్రాయింగులోనే రాయించండి. మందం కూడా అంతే. ఫెల్ట్ మందం గేజి పాదం ఎంత ఒత్తితే అంత తగ్గుతుంది, ఒత్తిడి రాయని మందానికి అర్థం లేదు. ఈ రెండు వాక్యాలు డ్రాయింగులో పడ్డాకే మొదటి కొలత తీయండి.

ఆ తర్వాత సామర్థ్యపు లెక్క. కొలతలు హద్దుల్లోపల ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే అంకె పీపీకే. అది 1.67 దాటాలి, 1.33 కన్నా తక్కువైతే ఒప్పుకోరు, మధ్యలో ఉంటే మాట్లాడుకోవాలి. సగటు నుంచి దగ్గరి హద్దు దాకా ఉన్న దూరాన్ని, మూడు రెట్ల ప్రామాణిక విచలనంతో (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకెతో) భాగించడమే ఈ లెక్క. మీ సగటు సరిగ్గా 1000 మీద ఉండి, విచలనం 30 గ్రాములు ఉందనుకోండి. హద్దు 100 గ్రాములైతే 100ను 90తో భాగించాలి: 1.11. నెగ్గరు. హద్దు 150 అయితే దాదాపు 1.67. పాత హద్దుతోనే నెగ్గాలంటే విచలనాన్ని 20కి దించాలి. కార్డుకు నార సమంగా అందేలా ఫీడరు సరిచేసుకుంటే, పలుచగా వచ్చే అంచులను ఇంకొంచెం లోపలికి కోస్తే కొంత దిగుతుంది. మిగతాది ప్రకృతి, నార నారకూ తేడా ఉంటుంది. అందుకే వంద కొలతలు, ఇరవై అయిదు గుంపులుగా, రోల్ వెడల్పు అంతటా తీసి, వచ్చింది వచ్చినట్టు పంపి, ఇది నెగ్గాలంటే హద్దు ఇంత కావాలని ఆధారంతో అడగండి. అది కుదరకపోతే తాత్కాలిక ఆమోదం అనే దారి ఉంది: ఇంత కాలానికి, ఇంత సరుకుకు, ప్రతి రోల్ తూచి పంపే షరతు మీద. కన్సల్టెంటు ఇచ్చే పట్టికలో మాత్రం 1.72 అని వచ్చి ఉంటుంది, నాకు తెలుసు.

కొలత పద్ధతి మీద చేసే అధ్యయనంలో ఒక చిన్న చిక్కు చెప్పి వదిలేస్తాను. పది ముక్కలు, ముగ్గురు మనుషులు, మూడేసి సార్లు అనే మామూలు పద్ధతి త్రాసుకు, మందం గేజికి పనికొస్తుంది. తప్పు పది శాతం లోపు ఉంటే మంచిది, ముప్పై దాటితే పనికిరాదు. చింపి చూసే, కాల్చి చూసే పరీక్షలకు అదే ముక్కను రెండోసారి కొలవలేరు కదా. వాటిని గుర్తింపున్న ల్యాబుకు పంపి, ఆ ల్యాబు ఐఎస్ఓ 17025 గుర్తింపు పరిధిలో ఆ పరీక్ష ఉందో లేదో చూసుకుంటే చాలు. రంగు, పైమెరుగు ఆమోదం మీకు వర్తించదు, ఫెల్ట్ మీద వేరే పొర వస్తుంది.

ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ మాట. కార్ల ఉత్పత్తిలోకి వెళ్లే సరుకు చేయని ఫ్యాక్టరీకి ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. ఇంకా ఒక్క రోల్ కూడా అమ్మని మీ దగ్గర దాన్ని అడగడం అర్థం లేని కోరిక. ఆ ప్రమాణమే తన సరఫరాదారు ముందుగా ఐఎస్ఓ 9001తో (అన్ని పరిశ్రమలకూ ఉన్న సాధారణ నాణ్యతా ప్రమాణంతో) మొదలుపెట్టి మెల్లగా పైకి రావచ్చని చెబుతోంది. మీకు 9001 ఉంటే అది జతచేసి, ఎదిగే ప్రణాళిక ఏమిటో వాళ్లే రాయమనండి. ఐఎండీఎస్ అనే వెబ్‌సైటులో మీ ఫెల్ట్‌లో ఏ పదార్థం ఎంత శాతం ఉందో నమోదు చేయమని కూడా అడుగుతారు. సరఫరాదారుకు అది ఉచితమే. నూనె పేరు, శాతం అందులో పడతాయి కాబట్టి మళ్లీ తుక్కు దగ్గరికే వచ్చాం చూడండి.

అన్నింటికన్నా చివరి కాగితం పార్ట్ సబ్మిషన్ వారెంట్. ఒక్క పేజీ, దాని మీద మీ సంతకం. చాలామంది దీన్ని కవరింగ్ లెటరులా చూస్తారు. దాని మీద సంతకం చేశాక నూనె మార్చినా, సూది రకం మార్చినా, లూమ్‌ను పక్క షెడ్డుకు జరిపినా, నార సరఫరాదారుని మార్చినా ముందుగా చెప్పి, వాళ్లు సరేనన్నాకే చేయాలి. తివాచీ వ్యాపారంలో నార ధర పెరిగితే మర్నాడే మిశ్రమం మార్చే స్వేచ్ఛ మీకుంది. ఈ సరుకుకు ఉండదు. ఆ కారు మోడల్ ఉత్పత్తిలో, విడిభాగాల సరఫరాలో ఉన్నన్నాళ్లూ, ఆ పైన మరో క్యాలెండరు సంవత్సరం ఈ కాగితాలు భద్రపరచాలి. కాబట్టి ధర చెప్పేటప్పుడు పరీక్షల ఖర్చే కాదు, ఈ స్వేచ్ఛ పోవడానికి ఎంత తీసుకోవాలో కూడా లెక్కేయండి. నా అనుభవంలో చిన్న ఫ్యాక్టరీలు ఎక్కువగా దెబ్బతిన్నది దీని దగ్గరే.

ఇప్పటికి ఆ ఈ-మెయిల్‌కు జవాబుగా పద్దెనిమిది అంశాల పట్టికనే తిప్పి పంపండి. ఒక్కో వరుస పక్కన ‘మేము ఇస్తాం’, ‘మీరు ఇవ్వాలి’, ‘వర్తించదు, ధృవీకరించండి’ అనే మూడు మాటల్లో ఒకటి రాసి, లెవెల్ 4గా ఒప్పుకోమని, బల్క్ తరగతా కాదా చెప్పమని అడగండి. ఫోనులో కొనుగోలు విభాగం అబ్బాయి సరేనంటే లెక్కలోకి రాదు, క్వాలిటీ విభాగంలో సంతకం చేసే అధికారం ఉన్నవారి నుంచి రాత రావాలి. డ్రాయింగు వచ్చాక బరువు పక్కన ఏ హద్దు రాశారో, తేమ గురించి ఏమైనా రాశారో చూసి ఇక్కడ పెట్టండి. హద్దు 5 శాతం అని ఉంటే మాత్రం మెటల్ డిటెక్టరుకు ఇంకా డబ్బు కట్టకండి, ముందు దాని గురించి మాట్లాడుకుందాం.